నాలుగు బళ్ళు

ఇంగ్లీషుకి నాలుగు బళ్ళని చెప్పింది మా మార్తమ్మ టీచరు.
అచ్చు పెద్దబడి, అచ్చు చిన్నబడి,
రాత పెద్దబడి, రాత చిన్నబడి.
నాలుగు గీతల కాపీలో ఏ అక్షరం ఎంతదాకా లేవాలో
బెత్తంతో చూపించేది.

పాలకొల్లులో ఎరువుల కొట్టు మేడ మీద
వెబ్ పేజీలు కట్టే పనిలో చేరినప్పుడు
టాగులన్నీ పెద్దబడిలోనే కొట్టేదాన్ని.
తాటి గుంజల్లా నిటారుగా టాగులు,
మధ్యలో మాటలు చిన్నబడిలో.
దూరం నించి చూసినా ఏది గట్టో ఏది నీరో తెలిసిపోయేది.
బ్రౌజరుకా, ఏ పట్టింపూ లేదు.
గట్టిగా పిలిచినా మెల్లిగా పిలిచినా
రేవులో పడవ సరంగులా "వత్తన్నా" అనేది.

తర్వాత కొత్త రూలొచ్చింది.
టాగులన్నీ చిన్నబడిలోనే ఉండాలి,
తెరిచిన బడిలోనే మూయాలి.
పెద్ద బాడీ తెరిచి చిన్న బాడీ మూస్తే
పేజీ అంతా ఒక ఎర్ర గీత.

మా నాన్న పల్లయ్య కాలవ లాకుల దగ్గర లస్కరు.
ఏ బడీ రాదు.
విని, చుట్ట ఆర్పి,
"ఎగువ తలుపుకీ దిగువ తలుపుకీ పొత్తు కుదరకపోతే
పడవ మధ్యలో ఉండిపోద్దమ్మా" అన్నాడు.

ఆ వారం రాత్రుళ్ళు కూచుని
నూటపన్నెండు పేజీలు దించాను.
లాకులో నీళ్ళు దిగినట్టు
ఒక్కో వరసా కిందకి, ఇంకా కిందకి.
చూపులకి మాత్రం పేజీ ఏమీ మారలేదు.
ఎవరూ బాగుందనలేదు, బాలేదనీ అనలేదు.

త్రిమూర్తులు గారి రొయ్యపిల్లల హేచరీకి కట్టిన పేజీలో
రొయ్య మాయమైంది.
మా కంప్యూటర్లో మీసాలతో సహా ఉంది,
లోకానికి మాత్రం ఖాళీ చట్రం.
"ఏమే సువర్ణా, నా రొయ్య ఏదే?"
కెమెరా ఫోటో పేరు చివర పెద్దబడి పెట్టింది,
నేను చిన్నబడితో పిలిచాను.
మా గదిలో రెండూ ఒకటే.
ఎక్కడో ఉన్న ఆ సర్వరుకి మాత్రం
రెండు పేర్లు, ఇద్దరు మనుషులు.
ఒకరిని పిలిస్తే ఇంకొకరు ఎందుకు పలుకుతారు?

ఇంటికెళ్తూ కాలవ గట్టున కాస్త గర్వపడ్డాను.
మనకీ గొడవ లేదు కదా.
గోదావరికి రాసే గకారమే
గొంతేరు మురుగు కాలవకీ రాస్తాం.
అదే ఎత్తు, అదే తలకట్టు.

మర్నాడు హేచరీ వాళ్ళ పేర్ల జాబితా వచ్చింది.
యజమాని: శ్రీ త్రిమూర్తులు గారు.
మేనేజరు: శ్రీ కొండలరాజు గారు.
మేత గుమస్తా: భూషణం గారు.
చెరువు కాపలా: ఏసోబు.
అంతే. ఏసోబు.
వెనక ఏమీ లేదు, ముందు ఏమీ లేదు.

పెద్దబడి మనకి లేకపోవడమేమిటి.
అక్షరం లోపల పెట్టుకోలేదు గానీ
పేరు వెనకాల చెప్పులేసుకుని నడుస్తోంది.
నన్ను పిలిచిన "ఏమే"లో ఉన్నది చిన్నబడి కాదూ?

ఏసోబు పక్కన గారు కొట్టాను.
పేజీ చూసి త్రిమూర్తులు గారు కుర్చీ వెనక్కి తోశారు.
"కాపలావోడికి గారేటే?"
"రూలండీ," అన్నాను, తెర వైపే చూస్తూ.
"జాబితా అంతా ఒకే బడిలో ఉండాలి.
తీసేస్తే అందరికీ తీసెయ్యాలి.
కలిపి పెడితే మళ్ళీ రొయ్య కనపడదు, ఆయ్."

రొయ్య పేరెత్తితే ఆయన ఇంకేమీ అడగలేదు.
అబద్ధమే. నాకేం సిగ్గు లేదు.

నెల తిరిగాక కైకలూరు నించి ఎవరో కొనేవాళ్ళు
చెరువు గట్టుకి ఫోన్ చేశారట.
"ఏసోబు గారాండీ?"
ఏసోబు వెనక్కి తిరిగి చూశాడట,
ఏరేటర్లు తిరుగుతున్న నీళ్ళ వైపు, షెడ్డు వైపు.
ఎవరూ లేరు.
ఫోను రెండో చెవికి మార్చుకుని
"ఆయ్, చెప్పండి" అన్నాడట.